వెనక కుంగుతున్న ఫైబర్ పడవ: వరంగల్ ట్రైనింగ్ బ్యాచ్‌తో ఒక కేస్ స్టడీ

ఈ కేసులోని పడవ పదహారు అడుగుల ఫైబర్ పడవ. ములుగు వైపు ఒక పెద్ద చెరువులో చేపలు పట్టుకునే సొసైటీది. వెనక 9.9 హార్స్‌పవర్ అవుట్‌బోర్డు మోటారు. సొసైటీ పెద్దాయన చెప్పిన ఫిర్యాదు ఇది: "వెనక కుంగుతంది సార్, ముందట లేస్తంది. ఎంత తోడినా నీళ్లు ఊరుతనే ఉన్నయ్." అడుగున అక్కడక్కడా ఎం-సీల్ ముద్దలు, ఒక మూల తారు, మోటారు బిగించే పలక చుట్టూ బాత్రూముల్లో వాడే సిలికాన్. ఎవరికి ఏది చేతికి దొరికితే అది పూసుకుంటూ వచ్చారు. మమ్మల్ని అడిగింది కూడా అంతే: లీకేజీ ఆపి, పైన నీలం రంగు కొట్టి ఇమ్మని.

నేను హనుమకొండ దగ్గర ఒక ట్రైనింగ్ సెంటర్‌లో ఫైబర్ పని, వెల్డింగ్ నేర్పుతాను. ఆ బ్యాచ్‌లో ఎక్కువమంది ఐటీఐలో వెల్డర్, డీజిల్ మెకానిక్ ట్రేడులు పాసై ఖాళీగా ఉన్నవాళ్లు. కొందరివి చేపలు పట్టే కుటుంబాలు. ఒకమ్మాయి టైలరింగ్ చేస్తూ వచ్చి చేరింది. పడవల తయారీ, రిపేరు నేర్పి, కుదిరినవాళ్లను ఓడల యార్డుల దాకా పంపాలన్నది మా ఆలోచన.

సముద్రం లేని వరంగల్‌లో పడవల పనేంటని అడిగేవాళ్లకు కొదవలేదు. కానీ మనది చెరువుల దేశం. రామప్ప, పాఖాల, లక్నవరం కాకతీయులు తవ్వించినవి, ఇప్పటికీ నిండుతున్నాయి. వాటి మీద టూరిస్టు బోట్లు తిరుగుతున్నాయి, సొసైటీల పడవలు తిరుగుతున్నాయి. కరీంనగర్ పోతే లోయర్ మానేరు, ఇంకాస్త పోతే ఎల్లంపల్లి, శ్రీరాంసాగర్. ఈ పడవలన్నీ కట్టినవాళ్లున్నారు, నడిపేవాళ్లున్నారు. పాడైతే బాగుచేసేవాళ్లే లేరు. బీటిచ్చిన ఫైబర్ పడవను ఒడ్డున బోర్లించి వదిలేయడం, మళ్లీ ట్యూబులు, థర్మాకోల్ తెప్పలు ఎక్కడం మా వైపు మామూలే.

కొత్త పడవ కట్టించడంతో కోర్సు మొదలుపెట్టాలని చాలామంది సలహా ఇస్తారు. నాకది నచ్చదు. అచ్చు ఉంటే దానికి మైనం రుద్ది, జెల్‌కోట్ అనే పైపూత వేసి, మ్యాట్ అనే గాజు నూలు చాప పరిచి, గట్టిపడే జిగురైన రెసిన్‌తో తడిపి, రోలర్ తోలితే డొప్ప వచ్చేస్తుంది. చేతివాటం ఉన్న పిల్లలు త్వరగానే పట్టేస్తారు. ఫొటోలకూ బాగుంటుంది. కానీ ఆ పడవ ఏడేళ్లకు ఎక్కడ పాడవుతుందో, ఎందుకు పాడవుతుందో అచ్చు చెప్పదు. పాత పడవను విప్పితేనే తెలుస్తుంది. అందుకే ఈ బ్యాచ్‌కు మొదటి పనిగా ఈ కుంగుతున్న పడవనే ఇచ్చాను.

కాంటా మీద పడవ

వచ్చిన రోజు ఎవరినీ గ్రైండర్ ముట్టుకోనివ్వలేదు. ముందు తూకం. పడవను టాటా ఏస్‌లోకి ఎక్కించి రోడ్డు మీది వే బ్రిడ్జికి తీసుకెళ్లాం. పడవతో ఒకసారి, దింపి ఖాళీ బండితో ఒకసారి. తేడా చూస్తే, కొన్నప్పటి బిల్లులో రాసిన బరువు కంటే వంద కిలోలకు పైగా ఎక్కువుంది. మోటారు విప్పేసే తూచాం కాబట్టి అది లెక్కలో లేదు. పెద్దాయన చీటీ చూసి నవ్వాడు: "ఫైబర్ ఏమన్న లావైతదా బిడ్డా?"

ఆ మాట బోర్డు మీద రాసి పెట్టాను. ఫైబర్ లావు కాదు. మరి ఆ వంద కిలోలు ఏమిటి, ఎక్కడున్నాయి? వాళ్లు కనిపెట్టాల్సింది అదే.

తర్వాత పడవను నాలుగు పాత టైర్ల మీద ఎత్తి పెట్టి, లోపల నీళ్లు పోశాం. చెరువులో ఉన్నప్పుడు బయటి నీళ్లు లోపలికి వచ్చే దారి ఏదో, షెడ్డులో లోపలి నీళ్లు బయటికి కారే దారీ అదే. కింద పడుకుని చూస్తూ చెమ్మ కనిపించిన ప్రతిచోటా సుద్దముక్కతో గుర్తు పెట్టమన్నాను. ఎం-సీల్ ముద్దల దగ్గర ఒక్క గుర్తు కూడా పడలేదు. గుర్తులన్నీ వెనక పలక దగ్గర, మోటారు బోల్టుల కిందే. పాపం, ఇన్నాళ్లూ లీకు ఒకచోట ఉంటే మందు ఇంకోచోట పూశారు.

అప్పుడు రూపాయి బిళ్ల తీయించాను. ఫైబర్ పడవను బిళ్లతో తట్టుకుంటూ పోతే గట్టిగా ఉన్నచోట ఖంగుమంటుంది, పొరలు విడిపోయినా లోపల తడి చేరినా చప్పుడు చచ్చిపోతుంది. డీజిల్ మెకానిక్ చదివిన అబ్బాయి చెవి ఇందులో అందరికంటే బాగా పనిచేసింది. ఇంజన్ చప్పుడు విని రోగం చెప్పడం అలవాటైన చెవి అది. వెనక పలకంతా చచ్చిన చప్పుడే. లోపల కాళ్లు పెట్టుకునే ఫ్లోర్ కింద కూడా సగం దాకా అదే వరస.

పలక లోపల, ఫ్లోర్ కింద

మోటారు వేలాడే ఆ వెనక పలకను యార్డుల్లో ట్రాన్సమ్ అంటారు. బయటా లోపలా ఫైబర్, మధ్యలో ప్లైవుడ్. మోటారు బరువు, అది తోసే బలం అంతా ఆ ప్లైవుడ్ మీదే పడతాయి. బోల్టు రంధ్రం పక్కన చిన్న డ్రిల్ బిట్‌తో లోపలి వైపు నుంచి ఒక చిల్లు వేయించాను. మంచి చెక్కయితే పొడి పొట్టు రావాలి. వచ్చింది నల్లటి తడి ముద్ద. వేళ్ల మధ్య పిండితే నీళ్లు కారాయి.

లోపలి ఫైబర్ పొరను కోసి తీశాక విషయం బయటపడింది. వాడింది మామూలు కమర్షియల్ ప్లై. నీళ్ల పనికి వాడాల్సింది ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లై. ఐఎస్ 303 రకంలో తేమకు కొంత ఓర్చుకునేవి ఉన్నా అవి ఇంటి ఫర్నిచర్ కోసం, ఏళ్ల తరబడి తడిలో నానడానికి కాదు. పైగా బోల్టు రంధ్రం వేసినవాళ్లు చెక్క అంచును అలాగే వదిలేసి బోల్టు దూర్చారు. చుట్టూ ఎంత సిలికాన్ పూసినా మోటారు అదురుకు అది ఊడుతుంది. ఆ సందులోంచి చుక్కచుక్కగా చెక్క తాగింది.

మేం చేసిన పద్ధతి ఇది. బయటి ఫైబర్ పొరను కదపకుండా ఉంచి, కుళ్లిన చెక్క మొత్తం ఉలితో గీకేశాం. రెండు మెరైన్ ప్లై పలకలు ఎపాక్సీ అనే గట్టి రెసిన్‌తో అతికించి, బోల్టులతోనే బిగించి ఆరబెట్టాం. ఆ తర్వాత రంధ్రాలు. కావాల్సిన సైజు కంటే పెద్దగా డ్రిల్ చేసి, ఆ ఖాళీ మొత్తాన్ని చిక్కగా కలిపిన ఎపాక్సీతో నింపి, గట్టిపడ్డాక దాని మధ్యలో అసలు సైజు రంధ్రం వేయాలి. ఇప్పుడు బోల్టు చుట్టూ ఉండేది చెక్క కాదు, ఎపాక్సీ గోడ. సీలు పోయి నీళ్లు దిగినా చెక్కకు తగలవు. బోల్టు తల కింద సిలికాన్ మానేసి పాలీయురేథేన్ సీలెంట్ వాడాం. ఈ రంధ్రం పని అరపూటలో అయిపోతుంది. అమ్మేటప్పుడే చేసి ఉంటే ఆ ప్లైవుడ్ కూడా ఇంకొన్నేళ్లు వచ్చేది.

ఇక్కడ ఎపాక్సీకీ, ఫైబర్ పనిలో మామూలుగా వాడే పాలిస్టర్ రెసిన్‌కూ తేడా చెప్పక తప్పలేదు. మార్కెట్లో దొరికే మామూలు మ్యాట్‌లో గాజు నూలును కలిపి పట్టి ఉంచే బైండర్ ఉంటుంది. అది పాలిస్టర్ రెసిన్‌లో ఉండే స్టైరీన్ అనే ద్రవానికి కరిగి, మ్యాట్ మెత్తబడి మూలల్లోకి వంగుతుంది. ఎపాక్సీలో స్టైరీన్ ఉండదు. దాంతో మ్యాట్ బిర్రుగానే నిలబడి సరిగా తడవదు. ఎపాక్సీ పని చేసినచోట గాజు నేత గుడ్డే వాడాలి. ఇంకోటి, గట్టిపడిన ఎపాక్సీ మీద పాలిస్టర్ సరిగా పట్టదు. పాత పాలిస్టర్ మీద ఎపాక్సీ బాగానే పట్టుకుంటుంది. ఈ వరస తలకెక్కకపోతే రిపేరు పైకి బాగానే కనిపించి, ఏడాదికి పెచ్చు లేస్తుంది.

మ్యాట్, గుడ్డ కొలిచి కత్తిరించే పని టైలరింగ్ అమ్మాయి చేతికి వెళ్లిపోయింది. ఎవరూ అప్పజెప్పలేదు, అలా జరిగింది. పాతదానికి కొత్త పొర పట్టాలంటే దెబ్బతిన్న అంచును ఏటవాలుగా అరగదీయాలి, మందానికి పన్నెండింతలు. ఆరు మిల్లీమీటర్ల డొప్పకు ఒక్కో వైపు ఏడు సెంటీమీటర్లకు పైగా వాలు వస్తుంది. ఆ వాలు మీద ఒక్కో పొర ఒక్కో సైజు. మగపిల్లలు కంటి అంచనాతో కత్తిరించి వేస్ట్ చేస్తుంటే ఆమె న్యూస్‌పేపర్ మీద ముందు ప్యాటర్న్ గీసుకుని, కుట్టుకు గుడ్డ వదిలినట్టే అంచులకు వదిలి కోసింది. మిగిలినవాళ్లు కిక్కురుమనకుండా ఆమె పేపర్లు అడిగి తీసుకున్నారు.

ఇక ఫ్లోర్ కింద. అక్కడ తేలడం కోసం నింపిన ఫోమ్ స్పాంజిలా నీళ్లు పీల్చుకుని ఉంది. పెద్దాయన అడిగిన లావు అదే. తీసి ఎండలో పెడితే రోజుల తరబడి కారుతూనే ఉంది. దాని బదులు ఏం పెట్టాలని అడిగితే చేపల కుటుంబం నుంచి వచ్చిన కుర్రాడు వెంటనే "థర్మాకోల్ సార్" అన్నాడు. వాళ్ల నాన్న వేటకు పోయేది థర్మాకోల్ తెప్ప మీదే, కాబట్టి అడగడంలో న్యాయముంది. ఒక ముక్క తెచ్చి మీద కొంచెం పాలిస్టర్ రెసిన్ పోయమన్నాను. అందరూ చూస్తుండగానే ముక్క నడిమిట్లో గుంత పడింది, కాసేపటికి అడుగుదాకా కరిగి జిగురు మిగిలింది. స్టైరీన్ చేసే పనే అది. పెట్రోలు ఒలికినా అంతే అవుతుంది, మోటారు పడవలో పెట్రోలు ఒలకకుండా ఉండదు.

చివరికి మూత గట్టిగా బిగుసుకునే హెచ్‌డీపీఈ అనే గట్టి ప్లాస్టిక్ క్యాన్లు పెట్టి, కదలకుండా బెల్టులతో కట్టాం. ఫ్లోర్‌ను స్క్రూలతో విప్పేలా మార్చాం. పెద్ద యార్డులవాళ్లు దీన్ని చూస్తే ముఖం చిట్లిస్తారేమో, వాళ్ల లెక్కలో నీళ్లు అంత తేలిగ్గా పీల్చని మంచి క్లోజ్డ్ సెల్ ఫోమే పద్ధతి. కానీ సొసైటీవాళ్లు ఏడాదికోసారి ఫ్లోర్ విప్పి, క్యాన్ ఊపి చూసి, నీళ్లు చేరితే వంద రెండొందలు పెట్టి కొత్తది వేసుకోగలరు. ఫోమ్ తడిసిందో లేదో వాళ్లు ఎలా చూస్తారు? నా ఓటు క్యాన్‌కే.

ఎండలో రెసిన్

ఈ పని జరిగింది ఎండాకాలంలో. వరంగల్ మే నెల సంగతి తెలిసిందే, 42, 43 డిగ్రీలు. పాలిస్టర్ రెసిన్ కంపెనీల కాగితాల్లో రాసే టైములు పాతిక డిగ్రీల దగ్గరివి. పది డిగ్రీలు పెరిగితే గడ్డకట్టే టైం దాదాపు సగానికి పడిపోతుంది. అందుకని రెసిన్‌ను గట్టిపరిచే హార్డెనర్ తగ్గిద్దామంటే దానికీ హద్దుంది. సాధారణంగా నూటికి ఒకటి నుంచి రెండు పాళ్లు. ఒకటి కంటే కిందికి దిగితే పైకి గట్టిపడినట్టు ఉండి లోపల పచ్చిగా మిగిలిపోతుంది. కాబట్టి మార్చాల్సింది మనం పని చేసే వేళనే. తెల్లవారుజామున మొదలుపెట్టి ఎండ ముదిరేలోపు రెసిన్ పని ముగించడం, మిగతా పూట కత్తిరింపులు, అరగదీత.

అయినా ఒకరోజు ఒక అబ్బాయి పదకొండింటికి ఇంకొక్క పొర వేసేద్దామని కిలో రెసిన్ ప్లాస్టిక్ మగ్గులో కలిపాడు. ఫోన్ మోగింది. తిరిగొచ్చేసరికి మగ్గు పట్టుకోలేనంత వేడి, నడుమ పగుళ్లు, సన్నగా పొగ. మగ్గు ఒక పక్కకు వాలిపోయింది. ఇసుక బకెట్‌లో పెట్టి బయటికి తీసుకెళ్లాం. గడ్డకట్టేటప్పుడు రెసిన్‌లో వేడి పుడుతుంది. లోతైన మగ్గులో ఆ వేడికి బయటికి పోయే దారి ఉండదు. అదే రెసిన్‌ను వెడల్పు ట్రేలో పలుచగా పోసుకుంటే చాలాసేపు నిలుస్తుంది. ఆ మగ్గును షెడ్డు గోడకు తగిలించారు పిల్లలు.

లెక్కలో ఇంకోటి బాగా ఉపయోగపడింది. చదరపు మీటరుకు 450 గ్రాముల మ్యాట్ వేస్తే దానికి పట్టే రెసిన్ కిలోకు కాస్త అటూ ఇటూ. ఇది నోటికి వస్తే ఎంత కలపాలో తెలుస్తుంది, వేస్టూ తగ్గుతుంది, మగ్గుల పొగా తగ్గుతుంది.

హార్డెనర్ సీసాలు, రెసిన్ త్వరగా గట్టిపడేలా చేసే కోబాల్ట్ సీసాలు మా దగ్గర ఒకే గదిలో ఉండవు. రెండింటినీ నేరుగా కలిపితే పేలుతుంది. కోబాల్ట్‌ను ముందు రెసిన్‌లో బాగా కలిపాకే హార్డెనర్ పోయాలి. ఇప్పుడు చాలా రెసిన్లు కోబాల్ట్ కలిపే అమ్ముతున్నారు కాబట్టి డబ్బా మీద ఏం రాసి ఉందో చదవకుండా మూత తీయకూడదు. హార్డెనర్ కంట్లో పడితే చూపు పోయే ప్రమాదం ఉంది. అందుకే అద్దాలు పెట్టుకోనివాళ్లను నేను షెడ్డులోకి రానివ్వను, ఈ ఒక్క విషయంలో నాకు చెడ్డపేరు ఉంది.

నీళ్ల క్యాన్ల పరీక్ష

చెరువు దగ్గరికి తీసుకెళ్లే ముందు మళ్లీ కాంటా వేయించాం. బరువు బిల్లులో రాసినదానికి దగ్గరికి వచ్చింది. పెద్దాయన ఆ చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాడు.

2019 సెప్టెంబర్ 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర బోటు మునిగినప్పుడు అందులో మా కాజీపేట పక్కనున్న కడిపికొండవాళ్లు ఉన్నారు. చాలామంది తిరిగి రాలేదు. కాబట్టి ఈ బ్యాచ్‌లో లోడింగ్ పరీక్ష ఎందుకని ఎవరూ అడగలేదు.

మనుషుల బదులు ఇరవై లీటర్ల వాటర్ క్యాన్లు పెట్టాం. ఒక మనిషికి సుమారు నాలుగు క్యాన్లు. ఒక్కో మనిషి బరువు పెరిగినకొద్దీ పడవ అంచుకూ నీళ్లకూ మధ్య ఎంత ఎత్తు మిగిలిందో ముందు, వెనక, రెండు పక్కలా టేపుతో కొలిచి పట్టిక రాశారు. తర్వాత క్యాన్లన్నీ ఒకే పక్కకు జరిపారు. చేప పడిందని వల వైపు అందరూ ఒరిగితే జరిగేది ఇదే. నిటారుగా ఉన్నప్పుడు ఇంకో ఇద్దరిని మోసేలా కనిపించిన పడవ, బరువు పక్కకు జరగ్గానే అంచు నీళ్లకు జానెడు దూరంలోకి వచ్చింది. సొసైటీవాళ్లు అప్పటిదాకా ఎక్కించుకుంటున్న సంఖ్య కంటే తక్కువ సంఖ్యను లోపల ఎర్ర పెయింట్‌తో రాశాం. కొంచెం గొణిగారు, కానీ చెరపలేదు.

చివరిది, పడవలో నీళ్లు నింపేసి తేలుతుందా లేదా చూడటం. ఇక్కడే వెల్డర్ ట్రేడు అబ్బాయి ఒక మంచి మాట పట్టుకున్నాడు. "సార్, క్యాన్లు నీళ్లల్ల మునిగినంక వాటికి బరువేడిది? మోటారు బదులు ఇవి పెడితే లెక్క తప్పుతది గద?" నిజమే. నీళ్ల క్యాన్ నీళ్లలో మునిగితే తూగదు. ఈ పరీక్షకు మోటారు బదులు ఇనుమే పెట్టాలి. స్క్రాప్ షాపు నుంచి ఇనుప ముక్కలు తెచ్చి వెనక పలకకు కట్టాం. ఫైబర్ నీళ్ల కంటే ఒకటిన్నర రెట్లు బరువు కాబట్టి మూడొందల కిలోల డొప్ప పూర్తిగా మునిగితే వంద కిలోలే తూగుతుంది. దానికి మోటారు బరువు కలిపితే అడుగున ఎన్ని లీటర్ల క్యాన్లు కావాలో వచ్చేస్తుంది. ఆ లెక్కకు కొంత కలిపే పెట్టాం. పడవ అంచుల దాకా మునిగి, అడుగంటకుండా నిలబడింది.

వీళ్లు ఎటు పోయారు

చేపల కుటుంబం అబ్బాయి, టైలరింగ్ అమ్మాయి ఇక్కడే ఉన్నారు. చుట్టుపక్కల సొసైటీల పడవలు చూస్తున్నారు. పడవ పని లేని నెలల్లో ఫైబర్ ట్యాంకులు, డోర్లు చేస్తారు, చేతిపని అదే కాబట్టి. మొదటి కొటేషన్‌లో మెటీరియల్ ఖర్చంతా గ్రాములతో సహా రాసి తమ కూలి రాయడం మరిచారు. నేను చూసి వెనక్కి పంపాను.

వెల్డర్ అబ్బాయి విశాఖ వెళ్లాడు. మనవాళ్లకు అది దూరం కాదు, రాత్రి వరంగల్‌లో గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేసరికి దిగొచ్చు. 1948లో, సింధియా యార్డుగా ఉన్నప్పుడు, జల ఉష ఓడను నీళ్లలోకి దింపిన హిందుస్థాన్ షిప్‌యార్డు అక్కడే ఉంది, నేవల్ డాక్‌యార్డు ఉంది. ఐటీఐ పాసైనవాళ్లకు అప్రెంటిస్ నోటిఫికేషన్లు వస్తుంటాయి. అయితే ఐటీఐలో ఎక్కువగా టేబుల్ మీద ప్లేటు పెట్టి పడుకోబెట్టి వెల్డింగ్ చేయిస్తారు. ఓడలో అలా కుదరదు. గోడలా నిలబడ్డ ప్లేటు మీద, తల మీదున్న ప్లేటు మీద చేయాలి. యార్డు పరీక్షల్లో 3జీ, 4జీ అనేవి అవే. మేం వెళ్లేవాళ్లతో ఆ రెండూ చేయించి, 7018 రకం వెల్డింగ్ రాడ్లను ఓవెన్‌లో కాల్చి తడి పోగొట్టాకే వాడటం అలవాటు చేసి పంపుతాం. ఇతనికి ఇంటర్వ్యూలో సర్టిఫికెట్ కంటే ఎక్కువ పనికొచ్చింది ఈ పడవ ఫైలు. కాంటా చీటీలు, సుద్ద గుర్తుల ఫొటోలు, లోడింగ్ పట్టిక.

పదో తరగతి పాసై ఇంకా వయసులో చిన్నగా ఉన్నవాళ్లకు వేరే దారి చెప్తాను. కేంద్ర ప్రభుత్వ మత్స్య శిక్షణ సంస్థ సిఫ్‌నెట్ విశాఖలో, కొచ్చిలో, చెన్నైలో రెండేళ్ల మెరైన్ ఫిట్టర్, వెసెల్ నావిగేటర్ కోర్సులు నడుపుతుంది. ఓడ ఎక్కాలనే పట్టుదల ఉంటే మామూలు సిబ్బందిగా చేరడానికి జీపీ రేటింగ్ ఉంది. ఆరు నెలల కోర్సు, ఓడల వ్యవహారాలు చూసే కేంద్ర సంస్థ డీజీ షిప్పింగ్ గుర్తించిన చోట చేస్తేనే చెల్లుతుంది. దీని పేరు చెప్పి మోసాలు బాగా నడుస్తున్నాయి. డీజిల్ మెకానిక్ అబ్బాయి అన్న ఒకడు నేరుగా ఓడలో ఉద్యోగమని చెప్పిన ఏజెంటుకు లక్షలు కట్టి, ఓడ మొహం చూడకుండానే ఇంటికి తిరిగొచ్చాడు. అందుకే ఇప్పుడు తల్లిదండ్రులను పిలిచి కూర్చోబెట్టి చెప్తున్నాం: ఓడల్లోకి మనుషులను పెట్టే ఏజెన్సీకి ఆర్‌పీఎస్‌ఎల్ అనే నియామకాల లైసెన్సు ఉండాలి, ఆ పేరు డీజీ షిప్పింగ్ వెబ్‌సైట్‌లో కనిపించాలి, ఉద్యోగం ఇప్పించినందుకు వాళ్లు మన దగ్గర డబ్బు తీసుకోకూడదు.

డీజిల్ మెకానిక్ అబ్బాయి ఇంకా తేల్చుకోలేదు. ప్రస్తుతం ఒక టూరిస్టు బోట్ల ఒడ్డున అవుట్‌బోర్డు మోటార్లు చూస్తున్నాడు. వాటర్ పంపు ఇంపెల్లర్లు మార్చడం, టూ స్ట్రోక్ మోటారుకు ఆయిల్ పాళ్లు సరిచూడటం, మోటారును టక్కున ఆపే కిల్ స్విచ్ తాడు నడిపేవాడి ఒంటికి కట్టి ఉందో లేదో చూడటం అతని పని. ఇన్‌లాండ్ వెసెల్స్ చట్టం 2021లో కొత్తగా వచ్చింది. దాని ప్రకారం మోటారు బోట్లకు రిజిస్ట్రేషన్, సర్వే, నడిపేవాళ్లకు సర్టిఫికెట్ ఉండాలి. బోటు నడిపే సరంగు సర్టిఫికెట్ వైపు వెళ్లమని నేను అంటున్నాను, వాళ్లమ్మ విశాఖ పొమ్మంటోంది.

సొసైటీవాళ్లు రెండో పడవ తెచ్చి షెడ్డు ముందు దింపారు. దీనికి కుంగడం లేదు, కుడివైపు లాగుతోందట. కొత్త బ్యాచ్ దాన్ని ఇంకా కాంటాకు తీసుకెళ్లాల్సి ఉంది.